ఎక్కడం, ఎదగడం, ఊరడం

ఇంగ్లీషులో 'రైజ్' అని ఒక చిన్న మాట ఉంది. స్పెల్లింగులో 4 అక్షరాలే. కానీ అది చేసే చాకిరీ చూడండి. సూర్యుడు రైజ్ అవుతాడు. ధర రైజ్ అవుతుంది. నదిలో నీరు, పొయ్యి మీది పొగ, బేకరీలో రొట్టె పిండి, మనిషి గొంతు, నాన్నగారి జీతం, అన్నీ ఆ ఒక్క మాటతోనే పైకి వెళ్తాయి. దానికి అసెండ్, క్లైంబ్, మౌంట్, సోర్ లాంటి చుట్టాలు చాలామందే ఉన్నారు గానీ, రోజువారీ పనంతా దాని నెత్తినే పడుతుంది.

మన తెలుగు తరగతిలో "రైజ్‌కి తెలుగు మాట ఏమిటి?" అని అడిగితే ముందు బెంచీలోంచి "లేవడం" అని వస్తుంది. మధ్య బెంచీ "పెరగడం" అంటుంది. వెనక బెంచీ కాసేపు ఆలోచించి "ఎక్కడం" అంటుంది. ముగ్గురికీ మార్కులు వెయ్యాల్సిందే. కానీ వంటింట్లో పాలగిన్నె దగ్గర నిలబడి "అమ్మా, పాలు ఎక్కుతున్నాయి" అని కేకేసి చూడండి. అమ్మ కదలదు. "పాలు పొంగుతున్నాయి" అంటేనే పరుగెత్తుకొస్తుంది.

ఇక్కడే అసలు సంగతి ఉంది. ఇంగ్లీషు మాట మనకు దిక్కు మాత్రం చెబుతుంది: కిందినుంచి పైకి. తెలుగు అంతటితో ఊరుకోదు. పైకి వెళ్ళేది ఏమిటి? ఏ బలంతో వెళుతోంది? దేన్ని పట్టుకుని వెళుతోంది? మళ్ళీ దిగుతుందా? ఇవన్నీ అడిగి, జవాబును బట్టి మాట ఇస్తుంది. బదిలీల మీద బతికే మన ఇళ్ళల్లో 'పైకి' అనే మాట తరచుగా వినబడుతుంది కాబట్టి, ఏ 'పైకి' గురించి మాట్లాడుతున్నామో తెలుసుకోవడం మనకు మిగతావాళ్ళకంటే కాస్త ఎక్కువ అవసరం.

పొద్దున్నుంచి మొదలుపెడదాం. తెల్లవారుతూనే పొద్దు పొడుస్తుంది. పొడవడం అంటే లోపలినుంచి చీల్చుకుని బయటికి రావడం. కోడి ముక్కుతో పొడుస్తుంది, ముల్లు పొడుస్తుంది, వేగుచుక్క కూడా పొడుస్తుంది. చీకటిని చీల్చుకుని వచ్చేదానికి తెలుగువాళ్ళు ఆ మాటే ఇచ్చారు. ఇక్కడ భిలాయిలో మన నేస్తాలు "సూరజ్ ఉగ్‌తా హై" అంటారు. వాళ్ళ పొలంలో మొక్క కూడా ఉగ్‌తా హై. అంటే హిందీ కంటికి సూర్యుడు ఆకాశంలో మొలిచే మొక్క. తెలుగు కంటికి చీకటిని పొడిచే ములుకు. రెండూ అందంగానే ఉన్నాయి. మనకు రెండూ తెలుసు, అది మన అదృష్టం.

తరవాత మనం నిద్ర లేస్తాం. లేవడం అంటే పడుకున్నదో, కదలకుండా ఉన్నదో నిలబడడం. గాలి లేస్తుంది, దుమ్ము లేస్తుంది, సముద్రంలో అల లేస్తుంది, కొత్త ఇంటి గోడలు లేస్తాయి. బస్సు రాకముందే గొడవ కూడా లేస్తుంది. "లేడికి లేచిందే ప్రయాణం" అనే సామెత బహుశా మనలాంటి కుటుంబాలను చూసే పుట్టి ఉంటుంది!

పొంగడం వేరు. లోపల వేడి పుట్టి, గిన్నె అంచు దాటిపోవడం పొంగడం. పాలు పొంగుతాయి, పూరీ పొంగుతుంది, వానాకాలం ఏరు పొంగుతుంది. మంచి మార్కులు వస్తే మనమూ పొంగిపోతాం. పొంగలికి ఆ పేరు ఇందులోంచే వచ్చింది. అయితే పాల పొంగు ఎంత వేగంగా వస్తుందో, స్టవ్ కట్టేస్తే అంత వేగంగానూ చల్లారుతుంది. అందుకే కోపిష్టి మనిషిని పాల పొంగుతో పోలుస్తారు.

ఎగరడం అంటే నేలను విడవడం. పిట్ట, గాలిపటం, విమానం, ఆగస్టు 15న మన బడిలో జెండా ఎగురుతాయి. "ఉట్టికి ఎగరలేనమ్మ స్వర్గానికి ఎగురుతానందట" అని సామెత. ఉట్టి అంటే పెరుగు కుండ పిల్లికి అందకుండా ఇంటి దూలానికి కట్టే తాళ్ళ అల్లిక. మన క్వార్టర్లలో ఉట్లు లేవు గానీ, కృష్ణాష్టమి నాడు దహీ హండీ చూసినవాళ్ళకు ఉట్టి ఎంత ఎత్తులో ఉంటుందో తెలిసే ఉంటుంది. ముందు అక్కడిదాకా చేరాలి, స్వర్గం సంగతి తరవాత అని ఆ సామెత భావం.

ఎగబాకడం అంటే పట్టు దొరికిన చోటల్లా పట్టుకుంటూ కష్టపడి పైకి జరగడం. తీగ గోడ మీద ఎగబాకుతుంది. మన క్రికెట్ జట్టు పట్టికలో రెండో స్థానానికి ఎగబాకిందని పేపర్లో రాస్తారు. ఆ 'ఎగ' అంటేనే పైన అని. నదికి పైభాగం ఎగువ, కింది భాగం దిగువ. నెహ్రూ నగర్ చౌక్ దగ్గర వానలు వెలిశాక రోడ్డు ఎగుడుదిగుడు. ఎగుమతి, దిగుమతి కూడా ఈ జంటే: సరుకు పైకెత్తి బండిలో వేస్తే ఎగుమతి, బండిలోంచి కిందికి దించితే దిగుమతి. సోషల్ పాఠంలో అవి దేశాల మధ్య వ్యాపారం. మన ఇళ్ళల్లో అయితే రెండు మూడేళ్ళకోసారి లారీ వచ్చి గుమ్మం ముందు నిలబడడం. అట్టపెట్టెల మీద స్కెచ్ పెన్నుతో 'వంటగది', 'పుస్తకాలు', 'జాగ్రత్త' అని రాసిన పిల్లలకు ఎగుమతి అంటే ఏమిటో ఎవరూ చెప్పక్కర్లేదు.

ఇక ఎక్కడం. ఈ కుటుంబంలో ఇదే పెద్దన్న. ఎక్కడానికి కింద ఒక ఆధారం ఉండాలి: చెట్టు, మెట్టు, గుర్రం, రైలు. ఆ ఆధారాన్ని మారుస్తూ పోతే తెలుగువాడు బతుకంతా ఈ ఒక్క మాటతో చెప్పగలడు. పెళ్ళయితే పీటలెక్కుతాడు. జబ్బుచేస్తే మంచమెక్కుతాడు. తగువు వస్తే కోర్టుకెక్కుతాడు. కడుపు మండితే రోడ్డెక్కుతాడు. పని మానేస్తే ఆ పని అటకెక్కుతుంది. కష్టం తీరితే గట్టెక్కుతాడు. మంచి పని చేస్తే పేరుకెక్కుతాడు. గర్వం వస్తే అది నెత్తికెక్కుతుంది. చదువు మాత్రం, ఎంత తోసినా, ఒక్కోసారి తలకెక్కదు. ఆలస్యంగా లేస్తే పొద్దెక్కిందని తిడతారు. 'ఎక్కువ' అనే మాటలోనూ ఈ ఎక్కడమే ఉంది.

దీపం సంగతి చెప్పుకోవాలి. ఆరిపోయిన దీపాన్ని మన పెద్దవాళ్ళు ఆరిపోయిందనరు. ఆ మాట మంచిది కాదని "దీపం కొండెక్కింది" అంటారు. కిందికి పోయినదాన్ని కూడా పైకి పంపించి గౌరవించడం అన్నమాట. అదే కొండను ధరలు ఎక్కితే మాత్రం గౌరవం ఏమీ ఉండదు. "ఉల్లిపాయలు కొండెక్కాయి" అంటే కొనలేకపోతున్నామని.

ఇలాంటి చోటే పొరపాట్లు జరుగుతాయి. మన తరగతిలో ఒకరు 'పైకి' అనే మాటను సొంత వాక్యంలో వాడమంటే "మా నాన్నగారు పైకి వెళ్ళారు, అందుకని మేం భిలాయి వచ్చాం" అని రాశారు. నాన్నగారికి ప్రమోషన్ వచ్చిందని ఆ పాప ఉద్దేశం. తరగతిలో సగంమంది మామూలుగా విన్నారు. అమ్మమ్మో నాయనమ్మో ఇంట్లో ఉన్న పిల్లలు మాత్రం గతుక్కుమన్నారు. ఎందుకంటే తెలుగులో మనిషి పైకి వెళితే తిరిగి రాడు. బాగుపడిన మనిషి పైకి వస్తాడు. "కష్టపడి పైకొచ్చాడు" అంటారు. వెళ్ళడానికీ రావడానికీ మధ్య ఒక ప్రాణం తేడా ఉంది. ఆ నాన్నగారు నిక్షేపంగా ఉన్నారు, ఆ సాయంత్రం పాపను తీసుకెళ్ళడానికి స్కూటర్ మీద వచ్చారు కూడా!

హిందీ గాలిలో పెరుగుతున్న మన తెలుగుకు ఇలాంటివి సహజం. "బుఖార్ చఢ్ గయా" అని రోజూ వినే పిల్లలు "జ్వరం ఎక్కింది" అంటారు. తెలుగులో జ్వరం వస్తుంది, పెరుగుతుంది, తగ్గుతుంది, ఎక్కదు. కానీ నవ్వకండి. తెలుగులో మత్తు ఎక్కుతుంది, విషం ఎక్కుతుంది, వేడి కూడా ఎక్కుతుంది. జ్వరం ఎందుకు ఎక్కకూడదని ఆ బిడ్డ మెదడు న్యాయంగానే లెక్క వేసుకుంది. రెండు భాషల మధ్య నిలబడి ఆలోచిస్తున్న మెదడు చేసే తప్పు అది. ఒక్క భాషలో కదలకుండా కూర్చున్నవాళ్ళకు ఆ తప్పు చేసే వీలే ఉండదు.

ఎక్కడం గురించి మనకు బాగా తెలిసిన పాఠశాల రైలు. విశాఖపట్నంలో రైలెక్కి విజయనగరం, పార్వతీపురం, రాయగడ, టిట్లాగఢ్, రాయపూర్ మీదుగా దుర్గ్ వచ్చేటప్పుడు స్టేషన్లలో పసుపు రంగు బోర్డులు చూశారా? ఊరి పేరు కింద చిన్న అక్షరాల్లో సముద్రమట్టం నుంచి ఆ చోటు ఎంత ఎత్తులో ఉందో రాసి ఉంటుంది. సముద్రం పక్కనున్న విశాఖలో ఆ అంకె చాలా చిన్నది. మన భిలాయి, దుర్గ్ దగ్గరకు వచ్చేసరికి దాదాపు 300 మీటర్లు. అంటే మన ప్రాంతం నుంచి వచ్చిన ప్రతి కుటుంబం నిద్రలోనే అంత ఎత్తు ఎక్కి వచ్చింది. ఇక్కడ చూస్తే అంతా చదునైన నేలే కాబట్టి ఎక్కినట్టు అనిపించదు. చాలా ఎక్కడాలు అలాగే ఉంటాయి.

విశాఖ నుంచే ఇంకో రైలుదారి ఉంది. కొత్తవలస దగ్గర మొదలై అనంతగిరి కొండలు, అరకు దాటుకుని మన ఛత్తీస్‌గఢ్‌లోని కిరండూల్ దాకా పోతుంది. ఆ దారిలో శిమిలిగూడ స్టేషన్ సముద్రమట్టానికి 996 మీటర్ల ఎత్తున ఉంది. బైలదిలా కొండల్లో తవ్విన ఇనుప ఖనిజం ఆ దారినే విశాఖ చేరుతుంది. అక్కడ ఒక చిత్రం గమనించాలి. కొండ ఎక్కే గూడ్సు బండి ఖాళీగా ఎక్కుతుంది, నిండుగా దిగుతుంది. బండికి విలువ తెచ్చేది ఎక్కడం ఒక్కటే కాదు. పైనుంచి ఏం మోసుకొచ్చిందనేది కూడా చూడాలి.

ఇంతకంటే పెద్ద పాఠం మన ఇళ్ళకు కాస్త దూరంలోనే ఉంది. 1955లో సోవియట్ దేశంతో ఒప్పందం కుదిరి భిలాయి ఉక్కు కర్మాగారం మొదలైంది. 1959 ఫిబ్రవరి 4న మొదటి బ్లాస్ట్ ఫర్నెస్‌ను రాష్ట్రపతి రాజేంద్రప్రసాద్ ప్రారంభించారు. ఏడాదికి 10 లక్షల టన్నుల ఉక్కుతో మొదలైన సామర్థ్యం తరవాత 25 లక్షలకూ, ఆపైన 40 లక్షలకూ పెరిగింది. చూశారా, ఇక్కడ 'ఎక్కింది' అనం, 'ఎదిగింది' అనం. అంకె కాబట్టి 'పెరిగింది' అంటాం. ఆ రోజుల్లోనే శ్రీకాకుళం, విజయనగరం వైపు నుంచి ఎందరో తెలుగువాళ్ళు పనికోసం ఇక్కడికి రైలెక్కి వచ్చారు. సెక్టార్ 5 బాలాజీ గుడి దగ్గర సాయంత్రం నిలబడితే వినబడే తెలుగు, వాళ్ళూ వాళ్ళ మనవలూ మాట్లాడేది.

బ్లాస్ట్ ఫర్నెస్ ఎలా పనిచేస్తుందో తొమ్మిది, పది తరగతుల వాళ్ళు చదివే ఉంటారు. దల్లీ-రాజ్‌హరా గనుల నుంచి వచ్చిన ఖనిజాన్ని, కోక్‌ను, సున్నపురాయిని పైదాకా ఎక్కించి నోట్లో పోస్తారు. కింద చుట్టూ ఉన్న గొట్టాల్లోంచి మండిపోయే వేడిగాలి ఊదుతారు. గాలి ఎగసి పైకి పోతుంది, రాయి నెమ్మదిగా కిందికి దిగుతుంది. రెండూ దారిలో ఒకదానికొకటి ఎదురుపడిన చోట ఇనుము పుడుతుంది. కరిగిన ఇనుము బరువు కాబట్టి అడుగుకు చేరుతుంది. దానిమీద చిట్టెం తేలుతుంది. చిట్టెం అంటే ఇంగ్లీషులో స్లాగ్. పైకి తేలింది కదా అని దాన్ని గొప్పదనుకుంటే పప్పులో కాలేసినట్టే. పట్టాలు అయ్యేది అడుగున ఉన్న ఇనుమే. అలాగని చిట్టెం వృథా కాదు, సిమెంటు తయారీకి పనికొస్తుంది. ఏది పైన, ఏది కింద అన్నదాన్ని బట్టి ఏది మేలో తేల్చలేమని ఆ కొలిమి రోజూ చెబుతూనే ఉంది. మన కుటుంబాలు ఊరూరా తిరిగే రైలు పట్టాల్లో చాలావాటిని చేసింది భిలాయే.

ఇప్పుడు సంస్కృతం నుంచి వచ్చిన మాటల దగ్గరికి వద్దాం. అక్కడ 'ఉత్' అనే చిన్న ఉపసర్గ ఉంది. దాని అర్థం పైకి. సూర్యుడు పైకి పోవడం ఉదయం. పైకి లేచి నిలవడం ఉత్థానం. అన్నిటికంటే పైనుండేది ఉత్తమం. పైకి వంగడం ఉన్నతి. 'నతి' అంటే వంగడం. నమస్కారంలో ఉన్నదీ ఆ ధాతువే. అంటే ఉన్నతి అనే గంభీరమైన మాటలో కూడా లోపల ఒక వంపు దాగి ఉంది. ఉద్యోగంలో పై మెట్టు దొరికితే పదోన్నతి.

ఈ పదోన్నతి మన ఇళ్ళకు ఒక కాగితంగా వస్తుంది. ఆ కాగితంలో పై వాక్యం సంతోషం, కింది వాక్యం కొత్త ఊరి పేరు. అమ్మకో నాన్నకో ఉన్నతి. ఇంట్లో స్వీట్లు, ఫోన్లు, అభినందనలు. ఆ స్వీటు తింటూ పిల్లలు మనసులో ఒక లెక్క వేసుకుంటారు: ఆశ్లేష పుట్టినరోజుకు ఉండం, ఖోఖో జట్టులో చోటు పోతుంది, సైన్సు ప్రాజెక్టు సగంలో ఆగిపోతుంది, కొత్త బడిలో మళ్ళీ చివరి బెంచీ. ఇంటికి మంచిరోజు కాబట్టి ఏడవకూడదు. పెద్దవాళ్ళు ఒక మెట్టు ఎక్కిన రోజునే పిల్లలు ఒక మెట్టు దిగుతారని మన ఇళ్ళల్లో ఎవరూ పైకి అనరు. మేమూ మీలాగే ఆర్డరు కాగితం పట్టుకుని ఊరూరా తిరిగినవాళ్ళమే కాబట్టి, ఈ పత్రికలో ఆ మాట ఒకసారి రాసిపెడుతున్నాం. అలా అనిపించడం తప్పు కాదు. అమ్మానాన్నల సంతోషం అబద్ధం కాదు, మీ దిగులూ అబద్ధం కాదు. సంగీతం నేర్చుకునేవాళ్ళను అడగండి: ఆరోహణ ఒక్కటే చూసి రాగాన్ని గుర్తుపట్టరు, అవరోహణ కూడా పాడించుకుంటారు.

కొత్త బడిలో మొదటి యూనిట్ టెస్టు వస్తుంది. పాత బడిలో అయిపోయిన పాఠం ఇక్కడ మళ్ళీ చెబుతారు, అక్కడ చెప్పని పాఠం ఇక్కడ అయిపోయి ఉంటుంది. మార్కులు పడిపోతాయి. "ఇదివరకు ఎంత పైనుండేవాడివి!" అంటారు. అప్పుడు మనం నిచ్చెన ఒక్కటే చూస్తాం. ఎక్కడానికి ఆధారం కావాలని చెప్పుకున్నాం కదా? ఆధారాన్నే రెండేళ్ళకోసారి మార్చేస్తే ఎక్కడంతో కొలిచినప్పుడు మనం ఎప్పుడూ కిందే కనిపిస్తాం. కాబట్టి మనకు సరిపోయే కొలత వేరే మాటలో వెతుక్కోవాలి.

పెరగడం చూద్దాం. ధర పెరుగుతుంది, అప్పు పెరుగుతుంది, గోరు పెరుగుతుంది, జుట్టు పెరుగుతుంది. కొలవగలిగిందంతా పెరుగుతుంది. గిన్నెలో తోడుకున్న పెరుగు సంగతి వేరు, దాన్ని అన్నంలో కలుపుకోండి. ఎదగడం అలా కాదు. ధర ఎదగదు, అప్పు ఎదగదు. మొక్క ఎదుగుతుంది, బిడ్డ ఎదుగుతాడు, బుద్ధి ఎదుగుతుంది. ప్రాణం ఉన్నదే ఎదుగుతుంది.

వ్యాకరణంలో ఇంకో ముచ్చట ఉంది. మనం లేస్తాం, ఇంకొకరు మనల్ని లేపుతారు. మనం ఎక్కుతాం, ఇంకొకరు ఎక్కిస్తారు (చెట్టెక్కించి నిచ్చెన తీసేసేవాళ్ళూ ఉంటారనుకోండి). మనం పెరుగుతాం, ఇంకొకరు పెంచుతారు. గాలిపటం ఎగురుతుంది, మనం ఎగరేస్తాం. ఇంగ్లీషులో రైజ్‌కి రేజ్ ఉన్నట్టు, వీటన్నిటికీ చేయించే రూపం ఉంది. మరి ఎదగడానికి? 'ఎదిగించడం' అని మనం అనం. నోరు తిరక్క కాదు, ఆ పని ఇంకొకరు చెయ్యలేరు కాబట్టి. 'ఎదగనివ్వడం' అంటాం. అమ్మానాన్నలు పెంచగలరు, బడి పైతరగతికి ఎక్కించగలదు. ఎదగడం మాత్రం మీ పని. మిగతావాళ్ళందరూ కలిసి చెయ్యగలిగింది అడ్డు తొలగడమే.

చివరి మాట ఊరడం. నిఘంటువులో రైజ్ పక్కన దీన్ని ఎవరూ రాయరు. కానీ పైకి రావడంలో దీన్ని మించిన మాట లేదు. వేసవి సాయంత్రం ఊళ్ళో బావి అడుగంటేదాకా తోడేస్తారు. బొక్కెన రాయికి తగిలి చప్పుడవుతుంది. తెల్లవారి చూస్తే మళ్ళీ నీళ్ళు! ఎవరూ పొయ్యలేదు, వాన పడలేదు. రాత్రంతా చీకట్లో, చప్పుడు లేకుండా, చుట్టూ ఉన్న మట్టిలోంచి నీరు వచ్చి పైకి లేచింది. అదే ఊరడం. ఎండాకాలం ఏటి ఇసుకలో చెలమ తవ్వేవాళ్ళకు ఇంకో సంగతి తెలుసు. మొదట ఊరేది బురదనీరు. దాన్ని తోడిపోస్తేనే తేటనీరు ఊరుతుంది. తోడకుండా కాపలా కాస్తే బురదే మిగులుతుంది.

బదిలీ అంటే మనల్ని తోడేయడం. ఒక ఊరి స్నేహాలు, దారులు, అక్షరాలు అన్నీ ఖాళీ అయినట్టు ఉంటుంది. ఒడియా ఊళ్ళో గుండ్రటి అక్షరాలు దిద్దినవాళ్ళు, తమిళ ఊళ్ళో కడలై అంటే వేరుశెనగలని నేర్చుకున్నవాళ్ళు, ఇక్కడికొచ్చాక "అన్నీ మర్చిపోయాం" అంటారు. మర్చిపోలేదు. అవి అడుగున ఉన్నాయి. ఏదో ఒక రోజు, వాటితో పని పడిన పూట, తమంతట తామే ఊరతాయి. తెలుగూ అంతే. అమ్మమ్మతో ఫోన్‌లో తడబడుతూ మాట్లాడిన మొదటి రెండు వాక్యాలు బురదనీళ్ళు. సిగ్గుపడి ఆపేస్తే అక్కడే ఆగిపోతుంది. తోడుతూ పోతే మూడోదో నాలుగోదో తేటగా వస్తుంది.

దీనికి ఒక షరతు ఉంది: ఊరడానికి సమయం పట్టాలి. ఆవకాయ కూడా కలిపిన రోజే తినరు, ఊరనిస్తారు. కొత్తగా వచ్చిన పిల్లల్ని మొదటి నెల మార్కులతో కొలిచే పెద్దవాళ్ళందరికీ, ఉపాధ్యాయులమైన మాకూ కలిపి, ఈ మాట చెప్పుకుంటున్నాం. బావి తోడిన మరుక్షణం తొంగిచూసి "నీళ్ళేవి?" అని అడగడం న్యాయం కాదు.

'ఊరు' అనే మాటకు తెలుగులో ఇంకో అర్థం మీకు తెలిసిందే. "మీదే ఊరు?" అని రైల్లో పక్క సీటాయన అడుగుతారు. మనలో చాలామందికి అది లెక్కల పేపర్లో చివరి ప్రశ్నకంటే కష్టం. పుట్టింది ఒకచోట, తాతగారిది ఇంకోచోట, రేషన్ కార్డు వేరే చోట, ఇప్పుడుండేది నెహ్రూ నగర్. ఒకే అక్షరాల్లో ఉన్న ఈ రెండు మాటలకు చుట్టరికం ఉందని కాదు గానీ, మనకు మాత్రం ఒకటి రెండోదాన్ని అర్థం చేసుకోవడానికి పనికొస్తుంది. ఏ చోటులోంచి మనలోకి నాలుగు మాటలు, ఇద్దరు మనుషులు ఊరారో ఆ చోటు మన ఊరే. అలా లెక్కేస్తే మనకు ఊరు లేకపోవడం కాదు, నాలుగైదు ఉన్నాయి.

ఈ ఏడాది కూడా మన తరగతుల్లోకి సంవత్సరం మధ్యలో కొత్త పిల్లలు వస్తారు. యూనిఫాం ఇంకా కుట్టించి ఉండరు, పాత బడి బెల్టుతోనే వస్తారు. వాళ్ళను "నీకు ఎంత పర్సెంట్?" అని అడగకండి. అది నిచ్చెన ప్రశ్న. "మీ భాషలో పాలు ఏమవుతాయి? సూర్యుడు ఏం చేస్తాడు?" అని అడగండి. ఒకరు హిందీలో ఉఫన్‌నా అంటారు, ఇంకొకరు బెంగాలీలోనో మరాఠీలోనో మలయాళంలోనో ఇంకో మాట చెబుతారు. ఆ మాటలన్నీ మన భాషల గోడపత్రిక మీద మీ చేతిరాతతో వరసగా రాయండి. పొడవడం, లేవడం, పొంగడం, ఎగరడం, ఎగబాకడం, ఎక్కడం, పెరగడం, ఎదగడం, ఊరడం - తెలుగు నుంచి 9 మాటలు మేం ఇప్పటికే ఎక్కించాం. మిగతా భాషల గళ్ళు ఖాళీగా ఉంచాం. నింపాల్సింది మీరు.